అమెరికా సిమ్ సరే, ముందు ఇక్కడి సిమ్ సంగతి చూడండి

ప్రశ్న: మా బాబుకి డాలస్ దగ్గర ఎం.ఎస్. సీటు వచ్చింది. ఆగస్టు రెండో వారంలో ప్రయాణం. కన్సల్టెన్సీ వాళ్ళు అమెరికా సిమ్ ఇక్కడే ఇస్తామంటున్నారు. పక్కింటి అబ్బాయి మాత్రం అక్కడికి వెళ్ళాక సిమ్ తీసుకుంటే ఐఫోన్ కూడా ఫ్రీగా వస్తుందని చెప్తున్నాడు. ఏది మంచిది? ఇక్కడి నంబరు ఇక అవసరం ఉండదు కదా, రీచార్జ్ దండగ అని ఆపేద్దామనుకుంటున్నాం. – ఒక తల్లి, మంచిర్యాల

జవాబు:

అమ్మా, మీ ప్రశ్నలో చివరి మాట చదివి నా గుండె ఝల్లుమంది. ఆ నంబరు మాత్రం ఆపకండి. అమెరికాలో సిమ్ తీసుకోవడం అరగంట పని. దాని గురించి తర్వాత చెప్తాను. ముందు ఇక్కడి నంబరు సంగతి.

బాబు పేరు మీద ఎడ్యుకేషన్ లోన్ తీసుకునే ఉంటారు. ఆ లోన్ ఖాతాకి ఇచ్చిన నంబరు ఏది? ఆధార్‌కి ఏది? పాన్‌కి, ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌కి, డిజీలాకర్‌కి ఏది ఇచ్చారు? నూటికి తొంభై ఇళ్ళలో అన్నిటికీ ఒకటే నంబరు ఉంటుంది, ఇంటర్ చదివే రోజుల్లో కొనిచ్చినది. రెండో సెమిస్టర్ ఫీజుకి బ్యాంకు నుంచి డబ్బు విడుదల చేయించాలన్నా, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మర్చిపోయి మార్చుకోవాలన్నా ఓటీపీ వచ్చేది దానికే. నంబరు పోయిందంటే పిల్లాడు డాలస్‌లో, బ్యాంకు మంచిర్యాలలో, మధ్యలో మీరు.

మా ఇంట్లోనే జరిగింది. మా అక్క కొడుకు టెక్సస్ వెళ్ళిన ఏడాది, ఇక్కడి ప్లాన్ అయిపోతే ఎవరూ పట్టించుకోలేదు. వాట్సాప్ నడుస్తోంది కదా అని వాడూ ఊరుకున్నాడు. ఏడెనిమిది నెలల తర్వాత ఒకరోజు మా అక్క పొరపాటున వాట్సాప్ బదులు మామూలు కాల్ నొక్కింది. అవతల ఎవరో పెద్దాయన హిందీలో మాట్లాడాడు. ఆ నంబరును కంపెనీ వేరేవాళ్ళకి ఇచ్చేసింది. మంచివాడు కాబట్టి, ‘బ్యాంకు మెసేజ్‌లు మీవేనా, రోజూ వస్తున్నాయి’ అని ఆయనే చెప్పాడు. లోన్ ఖాతాలో నంబరు మార్చడానికి మావాడు ఫారాలు నింపి, సంతకాలు అటెస్ట్ చేయించి కొరియర్‌లో పంపాల్సి వచ్చింది. ఒకసారి సంతకం కలవలేదని తిప్పి పంపారు కూడా. మొత్తం రెండు నెలలు పట్టింది.

ఇది ఎలా జరుగుతుందంటే, ప్రీపెయిడ్ నంబరును 90 రోజుల పాటు అసలేమీ వాడకపోతే, అందులో బ్యాలెన్స్ 20 రూపాయల కంటే తక్కువ ఉంటే, కంపెనీ దాన్ని ఆపేయవచ్చు. ఇది ట్రాయ్, అంటే మన టెలికాం నియంత్రణ సంస్థ, పెట్టిన నిబంధన. ఆ తర్వాత కొన్నాళ్ళకి అదే నంబరు కొత్తవాళ్ళకి వెళ్తుంది. 20 రూపాయలు ఉంచితే చాలని యూట్యూబ్‌లో చెప్తుంటారు, దాన్ని నమ్ముకుని కూర్చోకండి. ప్లాన్ గడువు ముగిశాక నంబరు మీ పేరునే ఉన్నా మెసేజ్‌లు రావడం ఆగిపోవచ్చు. మనకు కావలసిందే ఆ మెసేజ్.

దీనికి నెలనెలా రీచార్జ్ చేయనక్కర్లేదు. డేటా అక్కర్లేని వాళ్ళకి కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది, గడువును 365 రోజుల వరకు పెంచుకోనిచ్చింది. ఆ తర్వాత కంపెనీలు తెచ్చిన ఏడాది ప్లాన్లు రెండు వేల రూపాయల లోపే వచ్చాయి. యాప్ తెరవగానే పైన కనిపించేవి డేటా ప్లాన్లే, ఇవి కొంచెం కిందికి వెతికితే గానీ దొరకవు. బాబు బయల్దేరే వారం ఒకటి వేయించండి. గడువు తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద పెన్నుతో రాసిపెట్టండి. వచ్చే ఏడాది రీచార్జ్ మీరే మంచిర్యాలలో చేయించవచ్చు, దానికి సిమ్ మీ దగ్గర ఉండనక్కర్లేదు.

ప్లాన్ వేసినంత మాత్రాన అమెరికాలో మెసేజ్ రాదు. ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ అయి ఉండాలి. ఇది కంపెనీకొక తీరుగా ఉంటుంది. కొన్నిట్లో యాప్‌లో ఒక బటన్ నొక్కితే సరిపోతుంది, కొన్నిట్లో విడిగా రీచార్జ్ చేయాలి. స్టోర్‌కి వెళ్ళి, ‘నాకు కాల్స్ వద్దు, డేటా వద్దు, అమెరికాలో ఓటీపీ మెసేజ్ రావాలి’ అని ఇంతే అడగండి. లేకపోతే పది రోజుల ప్యాక్ అంటగడతారు. రోమింగ్‌లో ఎస్సెమ్మెస్ రావడానికి సాధారణంగా డబ్బు పడదు, కాల్ ఎత్తితే పడుతుంది, డేటా ఆన్ చేస్తే ఇంకా పడుతుంది. కాబట్టి ఆ సిమ్‌కి డేటా రోమింగ్ ఆఫ్ చేసి పెట్టుకోవాలి, దానికి వచ్చిన కాల్స్ ఎత్తకూడదు. మీరు కూడా అలవాటు కొద్దీ ఆ నంబరుకి మామూలు కాల్ చేయకండి. వాట్సాప్ కాల్ చాలు.

ఇంకో సంగతి. వాట్సాప్ లాంటి యాప్‌లు, ఏ నంబరుతో మొదలుపెట్టారో ఆ సిమ్ ఫోన్‌లో ఉంటేనే పనిచేసేలా చేయాలని కేంద్ర టెలికాం శాఖ 2025 నవంబరులో ఆదేశాలిచ్చింది. సిమ్ తీసి పర్సులో దాచుకుంటే సరిపోతుందని పాత సీనియర్లు చెప్పే సలహాని అందుకే ఇప్పుడు పట్టించుకోవద్దు. సిమ్ ఫోన్‌లోనే ఉండాలి.

ఫోన్‌లో ఉండాలంటే అమెరికా సిమ్‌కీ చోటు కావాలి కదా. ఇక్కడే ఈ-సిమ్ పనికొస్తుంది. ఈ-సిమ్‌కి ప్లాస్టిక్ ముక్క ఉండదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే నంబరు ఫోన్‌లోకి ఎక్కుతుంది. బాబు ఫోన్‌లో రెండు సిమ్‌లకి చోటుంటే, లేదా ఒక సిమ్‌తో పాటు ఈ-సిమ్ సౌకర్యం ఉంటే మార్చాల్సిందేమీ లేదు. కానీ అమెరికా వెళ్ళాక ఐఫోన్ కొనే ఆలోచన ఉంటే మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకి సిమ్ ట్రేనే లేదు. అంతా ఈ-సిమ్మే. ఇక్కడి నుంచి పట్టుకెళ్ళిన ప్లాస్టిక్ సిమ్ దాంట్లో పట్టదు. అలాంటప్పుడు ఇక్కడి నంబరును ఇక్కడే ఈ-సిమ్‌గా మార్పించుకుని వెళ్ళాలి. సిమ్ మార్చిన తర్వాత 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు, మోసగాళ్ళు సిమ్ మార్చి ఓటీపీ కొట్టేయకుండా పెట్టిన నియమం అది. విమానం ఎక్కే ముందు రోజు మార్పించి, అదే రోజు ఫారెక్స్ కార్డులో డబ్బు వేయబోయి ఓటీపీ రాక తల పట్టుకున్న వాళ్ళని చూశాను. కనీసం రెండు వారాల ముందే చేయించేయండి.

ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉందో కూడా చూడండి. ఇంటర్లో కొనిచ్చింది అంటే బహుశా మీ వారి పేరే అయి ఉంటుంది. కంగారేం లేదు. రేపు బాబు అక్కడ ఫోన్ పోగొట్టుకుంటే డూప్లికేట్ సిమ్ కోసం మీ వారే ఆధార్ పట్టుకుని స్టోర్‌కి వెళ్ళవచ్చు. బాబు పేరునే ఉంటే బాబే రావాలంటారు.

ఇక అమెరికా సిమ్. దానికంటే ముందు ఫోన్ గురించి ఒక మాట, దీన్ని కన్సల్టెన్సీల్లో ఎవరూ చెప్పరు. అమెరికాలోని పెద్ద కంపెనీలు మూడు: ఏటీ అండ్ టీ, వెరైజన్, టీ-మొబైల్. మూడూ 2022లో 3జీ నెట్‌వర్క్‌లు మూసేశాయి. అంటే అక్కడ కాల్ వెళ్ళాలంటే 4జీ మీదో 5జీ మీదో వెళ్ళాలి, ఆ కంపెనీ నెట్‌వర్క్ మీద ఆ ఫోన్‌కి వోల్టీ (4జీ మీద కాల్ మాట్లాడే సౌకర్యం) పనిచేయాలి. ఇక్కడ జియో సిమ్‌లో చక్కగా మాట్లాడే ఫోన్ అక్కడ కూడా మాట్లాడుతుందని గ్యారంటీ లేదు. ఏటీ అండ్ టీ అయితే ఏయే మోడళ్ళని అనుమతిస్తుందో జాబితానే పెట్టింది. టీ-మొబైల్ ఊరి బయట, గోడల లోపల సిగ్నల్ అందించేది ఎక్కువగా 600 మెగాహెర్ట్జ్ బ్యాండు మీద. మన దగ్గర పదిహేను ఇరవై వేలకి వచ్చే చాలా ఫోన్లలో ఆ బ్యాండు ఉండదు. వీధిలో ఫుల్ సిగ్నల్ ఉంటుంది, బేస్‌మెంట్ గదిలోకి వెళ్తే ఒక్క గీత కూడా ఉండదు. వెళ్ళే ముందు అక్కడ వాడుకోవడానికి కొత్త ఫోన్ కొనిద్దామనుకుంటే, కొనకముందే మోడల్ చూసుకోండి. ఫోన్‌లో *#06# కొడితే పదిహేను అంకెల ఐఎమ్ఈఐ నంబరు వస్తుంది. దాన్ని ఆయా కంపెనీల వెబ్‌సైట్లో కొడితే తమ నెట్‌వర్క్‌లో పనిచేస్తుందో లేదో చెప్పేస్తుంది.

కన్సల్టెన్సీ ఇచ్చే సిమ్ ఉచితమైతే తీసుకోండి, డబ్బు అడిగితే వద్దు. ఉచితంగా ఇచ్చినా దాన్ని మొదటి వారం రోజుల సిమ్ అనుకోండి. ఎయిర్‌పోర్టులో దిగి పికప్‌కి వచ్చిన వాళ్ళకి ఫోన్ చేయడానికి, మ్యాప్ చూసుకోవడానికి పనికొస్తుంది. అదీ లేకపోయినా ఏం కాదు, డాలస్ ఎయిర్‌పోర్టులో వైఫై ఉచితమే. పికప్‌కి వచ్చే వాళ్ళ నంబరు, ఉండబోయే ఇంటి అడ్రసు మాత్రం కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టివ్వండి. ఛార్జింగ్ అయిపోయిన ఫోన్లో ఏ నంబరున్నా లేనట్టే.

అసలు సిమ్ అక్కడే తీసుకోవాలి, మొదట ప్రీపెయిడే తీసుకోవాలి. ప్రీపెయిడ్‌కి సోషల్ సెక్యూరిటీ నంబరు (అక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు) అక్కర్లేదు, క్రెడిట్ హిస్టరీ, అంటే అప్పులు తీర్చిన చరిత్ర, అడగరు. ఎఫ్-1 వీసా మీద చదివే విద్యార్థికి ఆ నంబరు క్యాంపస్ ఉద్యోగమో మరొకటో దొరికాకే వస్తుంది కాబట్టి మొదటి నెలల్లో నెలనెలా బిల్లు కట్టే కనెక్షన్ కోసం తిరగడం అనవసరం. టీ-మొబైల్ నెట్‌వర్క్ మీద నడిచే మింట్, వెరైజన్ వాళ్ళ విజిబుల్, ఏటీ అండ్ టీ వాళ్ళ క్రికెట్, ఇలా చవక బ్రాండ్లు చాలా ఉన్నాయి. నెలకి 15 నుంచి 30 డాలర్ల మధ్య పని జరిగిపోతుంది. మింట్ వాళ్ళు మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది డబ్బు ముందే కట్టించుకుంటారు. చవగ్గా ఉందని మొదటే ఏడాదికి కట్టకండి. ఆ ఇంట్లో, ఆ క్లాసుల్లో సిగ్నల్ ఎలా ఉందో మూడు నెలలు చూసుకోనివ్వండి.

రూమ్మేట్లు ‘మా ఫ్యామిలీ ప్లాన్‌లో చేరిపోరా’ అంటారు. మన పిల్లల్లో ఇది మామూలే. నలుగురైదుగురు కలిసి ఒక ఖాతా తీసుకుంటే తలకి తక్కువ పడుతుంది. మంచిదే. కానీ ఖాతా ఎవరి పేరున ఉందో నంబరు వాళ్ళ చేతిలో ఉన్నట్టు. సీనియర్‌కి ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్ళిపోయాడు, బిల్లు కట్టడం మానేశాడు అనుకోండి, మీ బాబు నంబరూ ఆగిపోతుంది. చేరే రోజే అడగాలి: నేను బయటికి వెళ్ళాలంటే నంబరు పోర్ట్ చేసుకోవడానికి ఖాతా నంబరు, పిన్ ఇస్తావా అని. మొహమాటపడితే తర్వాత ఇబ్బంది.

పక్కింటి అబ్బాయి చెప్పిన ఫ్రీ ఐఫోన్ అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఫోన్ ఖరీదును రెండు మూడేళ్ళ వాయిదాలుగా చేసి, నెలనెలా బిల్లులో అంత తగ్గిస్తూ పోతారు. మధ్యలో కంపెనీ మారితే మిగిలిన వాయిదాలు చేతి నుంచి కట్టాలి. పైగా ఆ ఫోన్ లాక్ చేసి ఉంటుంది, వేరే కంపెనీ సిమ్ పనిచేయదు. అంటే మనం ఇంత జాగ్రత్తగా కాపాడిన ఇక్కడి నంబరు దాంట్లో పనిచేయదు! ఫోన్ కొంటే అన్‌లాక్డ్ అని రాసి ఉన్నదే కొనమనండి.

ఒకసారి తీసుకున్న అమెరికా నంబరును వదులుకోకూడదు, కంపెనీ మారినా నంబరు పోర్ట్ చేసుకోవాలి. యూనివర్సిటీ రికార్డుల్లో, బ్యాంకులో, ఇంటి అగ్రిమెంటులో, రెజ్యూమెలో అన్నిచోట్లా అదే ఉంటుంది. మళ్ళీ ఎప్పుడైనా వీసా స్టాంపింగ్‌కి వస్తే డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో గత ఐదేళ్ళలో వాడిన ఫోన్ నంబర్లు రాయమంటారు. ఆఫర్ వచ్చినప్పుడల్లా కొత్త సిమ్ వేసిన పిల్లలు అక్కడ గుర్తు తెచ్చుకోలేక అవస్థ పడతారు.

నా ఉద్యోగం కెరీర్ సలహాలివ్వడం కాబట్టి ఇదొకటి గట్టిగా చెప్తాను. వాయిస్‌మెయిల్, అంటే మనం ఫోన్ ఎత్తనప్పుడు అవతలివాళ్ళు మాట రికార్డు చేసి వదిలే సౌకర్యం, పెట్టుకోవాలి. మన పిల్లలకి ఆ అలవాటు లేదు. రిక్రూటర్ పగలు క్లాసు టైములో ఫోన్ చేస్తాడు, ఎత్తకపోతే వాయిస్‌మెయిల్ వదులుతాడు. మెయిల్‌బాక్స్ ఇంకా సిద్ధం చేయలేదని మెషిన్ చెప్తే తర్వాతి పేరుకి వెళ్ళిపోతాడు. పేరు చెప్పి, తర్వాత ఫోన్ చేస్తానని పది సెకన్లు రికార్డు చేస్తే చాలు.

ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు కట్టకపోతే అరెస్టు అనే కాల్స్ కొత్త విద్యార్థులకి వస్తాయి. తెర మీద ప్రభుత్వ నంబరే కనిపించేలా చేయగలరు. గిఫ్ట్ కార్డులు కొనమన్నారంటే దొంగే. ఫోన్ పెట్టేసి, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి చెప్పాలి.

ఈ ఆదివారం బాబు ఇంట్లో ఉన్నప్పుడు ముగ్గురూ కూర్చోండి. ఒక నోట్‌బుక్‌లో లోన్ ఖాతా, ఆధార్, పాన్, ఇవి ఏ నంబరుకి కలిపి ఉన్నాయో ఒక్కొక్కటి లాగిన్ చేసి చూసి రాయండి. ఎక్కడైనా మూడేళ్ళ క్రితం వదిలేసిన పాత నంబరు కనిపిస్తే సోమవారం పొద్దున్నే ఆ బ్యాంకుకి వెళ్ళండి, బాబు ఇక్కడ ఉన్నాడు కాబట్టి ఒక్క సంతకంతో అయిపోతుంది. ఫోన్ మోడల్ పేరు నాకు రాసి పంపండి, అక్కడ ఏ నెట్‌వర్క్ సరిపోతుందో చూసి చెప్తాను.