రిమోట్ డెస్క్‌టాప్: పోర్టు తెరిచింది ఏ జోన్‌లో?

ప్రశ్న: లినక్స్ డెస్క్‌టాప్‌లో ఎక్స్‌ఆర్‌డీపీ (ఆర్‌డీపీ పద్ధతిలో వేరే కంప్యూటర్ నుంచి డెస్క్‌టాప్ తెరవనిచ్చే సర్వర్) పెట్టి, ఫైర్‌వాల్‌డీ (లినక్స్ ఫైర్‌వాల్ ప్రోగ్రామ్) హోమ్ జోన్‌లో ఆర్‌డీపీ సర్వీసుకి టిక్ పెట్టాను. అదే రౌటర్ మీదున్న ల్యాప్‌టాప్ నుంచి పింగ్ అందుతోంది గానీ, కనెక్ట్ చేస్తే 'నో రూట్ టు హోస్ట్' అంటోంది. ఎందుకు?

జవాబు: పింగ్ అందుతోందంటే దారి బాగానే ఉంది. ఆర్‌డీపీ వాడే 3389 పోర్టు దగ్గర ఫైర్‌వాల్ కనెక్షన్‌ని వెనక్కి పంపుతోంది, దాని సమాధానమే ఆ సందేశం. పోర్టు తెరిచి ఉండి ఎక్స్‌ఆర్‌డీపీ నడవకపోతే 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని వచ్చేది.

జోన్ అంటే ఒక రకం నెట్‌వర్క్‌కి వర్తించే ఫైర్‌వాల్ నియమాల గుంపు. మీరు టిక్ పెట్టింది హోమ్‌లో. మీ కనెక్షన్ ఉన్నది బహుశా పబ్లిక్‌లో. ప్రత్యేకంగా ఏ జోన్‌లోనూ చేర్చని కనెక్షన్ డిఫాల్ట్ జోన్‌కి పోతుంది, సాధారణంగా అది పబ్లిక్కే. ఫైర్‌వాల్ కాన్ఫిగ్ తెరిచి, ఎడమవైపు యాక్టివ్ బైండింగ్స్‌లో మీ కనెక్షన్ ఎంచుకుని, చేంజ్ జోన్ నొక్కి హోమ్‌కి మార్చండి. పబ్లిక్‌లోనే ఆర్‌డీపీ తెరిచినా పనవుతుంది, కానీ ఆ మెషీన్‌ని రేపు బయటి వైఫైకి కలిపితే అక్కడా పోర్టు తెరిచే ఉంటుంది. అది వద్దు.

ఇంకో చిక్కు: పైన 'కాన్ఫిగరేషన్' అన్నచోట రన్‌టైమ్ ఉండగా పెట్టిన టిక్ వెంటనే పనిచేస్తుంది, రీబూట్‌తో పోతుంది. పర్మనెంట్‌లో పెట్టింది నిలుస్తుంది గానీ, రీలోడ్ చేసేదాకా అమలు కాదు. ముందు రన్‌టైమ్‌లో పెట్టి పరీక్షించి, పనిచేస్తే ఆప్షన్స్‌లోని 'రన్‌టైమ్ టు పర్మనెంట్' నొక్కడం మేలు.

ఒక్క ల్యాప్‌టాప్‌కే అనుమతి చాలనుకుంటే కనెక్షన్‌ని పబ్లిక్‌లోనే ఉంచి, హోమ్ జోన్ సోర్సెస్‌లో ఆ ల్యాప్‌టాప్ ఐపీ, ఉదాహరణకు 192.168.1.20, చేర్చండి. జోన్ ఎంచుకోవడంలో ఇంటర్‌ఫేస్ (నెట్‌వర్క్ కనెక్షన్) కన్నా సోర్స్‌కే (పంపే ఐపీకే) ప్రాధాన్యం. ఆ ఐపీ మారకుండా రౌటర్‌లో రిజర్వ్ చేయాలి. కనెక్ట్ అయ్యేటప్పుడు డెస్క్‌టాప్ పేరు కాకుండా ఐపీవీ4 అడ్రసే ఇవ్వండి. పేరిస్తే ఒక్కోసారి ఐపీవీ6 మీదుగా వెళ్లి ఆ నియమానికి చిక్కదు.

లాగిన్ అయ్యాక నల్లతెర కనిపిస్తే ఫైర్‌వాల్‌ని తిట్టుకోకండి. అదే యూజర్ డెస్క్‌టాప్ దగ్గర లాగిన్ అయి ఉన్నారేమో చూసి, లాగౌట్ చేయండి.

ప్రశ్న: బయట ఉన్నప్పుడు వాడుకోవడానికి రౌటర్‌లో 3389ని ఫార్వర్డ్ చేయొచ్చా?

జవాబు: వద్దు. ఆ పోర్టు కోసం ఇంటర్నెట్‌ని జల్లెడపట్టే బాట్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. పోర్టు నంబరు మార్చినా కనిపెడతాయి. డెస్క్‌టాప్‌లో వైర్‌గార్డ్ (వీపీఎన్ టన్నెల్ కలిపే ప్రోగ్రామ్) పెట్టి, రౌటర్‌లో యూడీపీ 51820 మాత్రమే ఫార్వర్డ్ చేయండి. డెస్క్‌టాప్ పబ్లిక్ జోన్‌లో ఉంటే ఆ యూడీపీ పోర్టుని అక్కడ తెరవాలి, హోమ్‌లో ఉంటే హోమ్‌లో. వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్‌ని మాత్రం హోమ్ జోన్‌లోనే చేర్చండి. దాన్ని మరిచిపోతే టన్నెల్ కలుస్తుంది, ఆర్‌డీపీ మాత్రం 'నో రూట్ టు హోస్ట్' అన్న పాత సందేశమే చూపిస్తుంది.