బ్యాట్ తిప్పితే అరచేతిలో నొప్పి.. పట్టు మారిస్తే తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 19. కాలేజీ టీమ్‌లో బేస్‌బాల్ ఆడతాను. కుడిచేతి బ్యాటర్‌ని. నెల రోజులుగా బంతిని కొట్టినప్పుడల్లా ఎడమ అరచేతిలో చిటికెన వేలు వైపు నొప్పి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. బ్యాట్ పట్టుకోవడంలోనే తప్పుందా?

సలహా: ఉండొచ్చు. కానీ ముందు ఎముక విరగలేదని తేల్చుకోవాలి. మీరు చెప్పిన చోట హామేట్ అనే చిన్న ఎముక ఉంటుంది. దాని నుంచి అరచేతి వైపు కొక్కెంలా ఒక భాగం పొడుచుకొస్తుంది. కుడిచేతి బ్యాటర్‌కు ఎడమ చెయ్యి కింద ఉంటుంది కదా, బ్యాట్ చివరి గుబ్బ సరిగ్గా ఆ కొక్కేన్నే ఒత్తుతుంది. కొన్నిసార్లు అది విరుగుతుంది. మామూలు ఎక్స్‌రేలో మిగతా ఎముకల చాటున పడి కనిపించకపోవచ్చు. అందుకే రిపోర్టు నార్మల్ అని వదిలేయొద్దు.

ఒకసారి ఇలా చూడండి. మణికట్టు గీత దగ్గర, చిటికెన వేలు వైపు బఠాణీ గింజంత ఎముక చేతికి తగులుతుంది. అక్కణ్నుంచి చూపుడు వేలి మొదలు వైపు ఒకటి రెండు సెంటీమీటర్లు జరిగి బొటనవేలితో నొక్కండి. అక్కడ కలుక్కుమంటే బ్యాట్ పక్కన పెట్టి ఆర్థోపెడిక్ డాక్టర్‌ను కలవండి. సీటీ స్కాన్‌లో విషయం తేలిపోతుంది. తొందరగా గుర్తిస్తే కొందరికి కట్టుతోనే అతుక్కుంటుంది. లేదంటే విరిగిన ముక్కను సర్జరీతో తీసేస్తారు. ఆ తర్వాత చాలామంది మళ్లీ మైదానంలోకి దిగుతున్నారు, టెన్షన్ వద్దు. నిర్లక్ష్యం చేస్తే మాత్రం ఆ గరుకు అంచుకు రాసుకుని చిటికెన వేలిని ముడిచే స్నాయువు తెగిపోయే ప్రమాదం ఉంది.

ఇక పట్టు సంగతి. బ్యాట్‌ను అరచేతి లోతుల్లోకి తోసి పిడికిలి బిగించడం చాలామందికి అలవాటు. హ్యాండిల్ వేళ్ల మీద, వేళ్ల మొదళ్ల దగ్గర ఆనాలి. రెండు చేతులూ ఆనుకుని ఉండాలి. తలుపు తట్టేటప్పుడు తగిలే వేళ్ల కణుపులు రెండు చేతులవీ దాదాపు ఒకే వరసలోకి రావాలి. అప్పుడు మణికట్లు తేలిగ్గా తిరుగుతాయి. బంతి కోసం ఎదురుచూస్తున్నప్పుడు వదులుగానే పట్టుకోండి, బ్యాట్ తిప్పేటప్పుడు పట్టు దానంతటదే బిగుస్తుంది. చిటికెన వేలిని గుబ్బ మీదికి జార్చి ఆడే అలవాటుంటే వెంటనే మానండి. చేతుల్ని కాస్త పైకి జరిపితే అరచేతికి గుబ్బ తగలదు.

ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంటే నరం నొక్కుకుపోతోందని అనుమానించాలి. అలాంటప్పుడు పట్టు మార్చి చూద్దామని ఆగకుండా ఈ వారంలోనే చూపించుకోండి.