డెస్క్ మీద కూర్చోబోయే ముందు

చిన్నీ,

వచ్చే నెల నుంచి నిన్ను థర్మల్ స్టేషన్ కంట్రోల్ రూమ్‌లో 210 మెగావాట్ల యూనిట్ డెస్క్ మీద కూర్చోబెడుతున్నారట, మీ నాన్న ఫోన్ చేశాడు. వీధిలో కనబడ్డవాళ్లందరికీ చెప్పొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

షిఫ్టుకి పావుగంట ముందే వెళ్లు. లాగ్ బుక్ చదువు. ఏవేవి ఆటో తీసేసి మాన్యువల్‌లో ఉన్నాయో దిగిపోయేవాళ్లని అడుగు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమల్లా డ్రమ్ లెవెల్ గురించి, బాయిలర్ పైన నీళ్లూ ఆవిరీ విడిపోయే ఆ పీపాలో నీటిమట్టం గురించి.

ఒకసారి నా షిఫ్టులోనే. వానాకాలం. తడిబొగ్గుకి, దాన్ని పొడిచేసే మిల్లు ఒకటి చోక్ అవుతోంది, నా ప్రాణమంతా దానిమీదే. అంతలో కరెంటు ఇంకా కావాలి, లోడ్ పెంచమని ఫోన్. రిసీవర్ చెవిన పెట్టుకునే గబగబా పెంచేశాను. ఆవిరి ఎక్కువ లాగేసరికి డ్రమ్‌లో ప్రెజర్ పడింది. అది పడితే నీళ్లలో బుడగలు ఉబ్బుతాయి, పాలు పొంగినట్టు. నీళ్లు పెరగకుండానే లెవెల్ పైకెక్కుతుంది. ‘స్వెల్’ గురించి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే! అయినా ఆ ఒక్క ముల్లునే చూసి డ్రమ్‌లోకెళ్లే ఫీడ్ వాటర్ కోసేశాను. పోయే ఆవిరి ఎక్కువ, వచ్చే నీళ్లు తక్కువ అని పక్క ముళ్లు రెండూ చూపిస్తూనే ఉన్నాయి. పక్క కుర్చీలో కుర్రాడు “సార్, స్టీమ్ ఫ్లో…” అన్నాడు. “నువ్వు మిల్లు సంగతి చూడు” అని కసిరాను. పొంగు చల్లారింది, లెవెల్ జారింది. మళ్లీ నీళ్లు పెంచినా అందుకోలేకపోయాను. బాయిలర్ ట్రిప్, దానంతటదే ఆగిపోయింది.

1979 మార్చి 28న అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలోనూ ఇలాగే లెవెల్ ఎక్కువ చూపిస్తోందని నీళ్లు తగ్గించారు. తెరుచుకుపోయిన వాల్వ్‌లోంచి నీళ్లు పోతూనే ఉన్నాయి. వందకు పైగా అలారాలు మోగుతుంటే ఎవరికేం తోస్తుంది?

అందుకని, మిల్లు కాసేపు ఆగుతుంది, డ్రమ్ ఆగదు. ఫోన్లో ఎవరున్నా “రెండు నిమిషాలండీ” అను. అలారం చదవకుండా, మోత ఆపే అక్నాలెడ్జ్ బటన్ నొక్కావంటే ఊరుకోను. చిన్నప్పుడు గడియారం నెత్తిన ఒక్కటిచ్చి మళ్లీ ముసుగుతన్నేదానివి, అదీ నా బెంగ. పక్కవాళ్లు నసిగినా సరే, పూర్తిగా చెప్పనివ్వు. రాత్రి మూడింటికి కళ్లు మూసుకుపోతాయి, లేచి నాలుగడుగులు వెయ్యి తల్లీ. పెరుగన్నం తక్కువ తిను.

ఆ రాత్రి ఇంటికొస్తే కాలనీలో కరెంటు లేదు. మీ పెద్దమ్మ విసనకర్రతో విసురుతూ “మీవాళ్లే ఎవరో చేసుంటారు” అంది. ఆ ‘ఎవరో’ నేనేనని ఇప్పటికీ చెప్పలేదు. ఈ ఉత్తరం ఆవిడ కంటబడనీయకు.

మీ పెదనాన్న