ఆ ఉయ్యాల సంగతి దాటేయకు

అమ్మడూ,

నువ్వు పంపిన నీ నవల అధ్యాయాలన్నీ చదివాను. బాగుంది, బాగాలేదు అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు చేతకాదు, పైగా నువ్వడిగింది అది కాదు కదా, 'విడిపోయినవాళ్ళు మళ్ళీ కలిసే కథని నమ్మేలా రాయడం ఎలా పెద్దమ్మా' అని. ఇన్నేళ్ళుగా ప్రేమ నవలలు రాస్తూ, వేరేవాళ్ళవి దిద్దుతూ ఉన్నదాన్ని కాబట్టి నాకు తోచింది మొహమాటం లేకుండా చెప్పేస్తాను. కోపం వస్తే రెండు రోజులాగి మళ్ళీ చదువు.

ముందు అసలు గొడవ. నీ కథలో ఆ భార్యాభర్తలిద్దరూ విడిపోవడానికి కారణం ఏం పెట్టావు? అత్తగారు ఉత్తరాలు దాచేసింది. అతను రాసినవి ఈమెకు అందలేదు, ఈమె రాసినవి అతనికి అందలేదు, పదేళ్ళు గడిచిపోయాయి, చివర్లో ఆ కట్ట ఓ పెట్టెలో దొరుకుతుంది, ఇద్దరూ ఏడుస్తారు, శుభం. తల్లీ, ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోయే తగువు మీద మూడొందల పేజీలు నిలబడవు. చదివేవాళ్ళు నలభయ్యో పేజీ దగ్గరే 'అడిగేస్తే పోయేదిగా' అనుకుంటారు, ఆ తర్వాత నువ్వెంత బాగా రాసినా ఆ ఇద్దరూ వాళ్ళకి తెలివితక్కువవాళ్ళలాగే కనబడతారు.

ఇది కొత్త జబ్బేం కాదులే. మహాభారతంలో శకుంతల కొడుకుని వెంటబెట్టుకుని నిండు సభకి వస్తే దుష్యంతుడు నువ్వెవరో నాకు తెలియదంటాడు. అన్నీ గుర్తుండే అంటాడు. అక్కడ శాపమూ లేదు, ఉంగరమూ లేదు, లోకం ఏమనుకుంటుందోనన్న భయం, అంతే. నన్నయ తెలుగులో చెప్పిన కథా అదే. కాళిదాసు నాటకం దగ్గరికి వచ్చేసరికి దుర్వాసుడి శాపం, నీళ్ళలో పోయిన ఉంగరం వచ్చి చేరాయి, రాజుగారి తప్పు చాలావరకు శాపం ఖాతాలోకి వెళ్ళిపోయింది. ఆయన కాళిదాసు, ఆయనకి చెల్లింది. మనకి చెల్లదు. నీ కథలో దుర్వాసుడి పని అత్తగారితో చేయిస్తున్నావు, ఆవిడ చేతిలోంచి ఆ ఉత్తరాల కట్ట లాగేయ్.

లాగేస్తే ఇంకేం మిగులుతుందని అడుగుతావు. మిగిలేది నువ్వే రాశావు, రాసి చూసుకోలేదు. రెండో అధ్యాయంలో, బిడ్డ పురిట్లోనే పోయాక ఆమె ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన చోట, 'గదిలో ఉయ్యాల లేదు, అతను ముందురోజే తీయించేశాడు' అని ఒక్క వాక్యం రాసి వెంటనే వర్షం వర్ణన ఎత్తుకున్నావు. నేనక్కడ ఆగిపోయాను. నీ నవల అదేనే పిచ్చిదానా! అతనేమనుకున్నాడు? ఆమె వచ్చి దాన్ని చూస్తే తట్టుకోలేదు, నేనే తీసేస్తే ఆ బాధైనా తప్పుతుంది అనుకున్నాడు. ఆమెకేమనిపించింది? తొమ్మిది నెలలు మోసిన బిడ్డ ఆనవాలే లేకుండా తుడిచేశాడు, నన్నొక్క మాట అడగలేదు అనిపించింది. ఇద్దరూ చెడ్డవాళ్ళు కాదు, ఎవరి లెక్క ప్రకారం వాళ్ళదే సరి, అయినా జరిగింది మాత్రం తప్పే, ఏ ఉత్తరం అందినా అది సర్దుకునేది కాదు. ఆ తర్వాత అతను ఇంటికి ఆలస్యంగా రావడం మొదలవడం, దూరంగా ఉద్యోగం వెతుక్కోవడం, ఆమె ఎందుకని ఒక్కసారీ అడక్కపోవడం, ఇవన్నీ నువ్వు కష్టపడి కల్పించక్కర్లేదు, దాంట్లోంచే వస్తాయి.

ఒక పని చెయ్. ఆ రోజుని నోట్‌బుక్‌లో రెండుసార్లు రాయి, ఒకసారి ఆమెగా, ఇంకోసారి అతనిగా. నవల కోసం కాదు, నీకోసం. ఉయ్యాల ఎవరు మోసుకెళ్ళారు, పైన కొక్కేలు అలాగే వదిలేశాడా, చిన్న బట్టలు ఎక్కడ పెట్టాడు, వాటిలో ఏదైనా తన దగ్గర ఉంచుకున్నాడా, ఇవన్నీ నీకు తెలిసుండాలి. ఇద్దరికీ గుర్తున్నవి ఒకటి కాకూడదు సుమా. ఆమె రాత్రుళ్ళు పడుకుని ఆ ఖాళీ కొక్కేల వంకే చూసేది. అతను వాటిని అసలు గమనించనే లేదు, అతని చెవుల్లో ఉండిపోయింది మెట్లు దిగుతున్నంతసేపూ ఉయ్యాల గొలుసులు చేసిన చప్పుడు. ఇలా రాసుకుంటూ పోతే పదేళ్ళ తర్వాత వాళ్ళు దేని గురించి పోట్లాడుకుంటారో నీకే తెలిసిపోతుంది.

ఇక గతాన్ని ఎక్కడ విప్పాలి అన్నది. మూడో అధ్యాయం మొత్తం ఫ్లాష్‌బ్యాక్ పెట్టేశావు, కథ కుదేలైంది. దానికి భయపడి పూర్తిగా అవతలి కొసకి పోకు, అంటే 'ఆ రోజు...' 'ఆ రాత్రి గనక జరగకపోయుంటే...' అని చుక్కలు పెట్టి ఊరించడం. కథ ఆమె మనసులోంచి నడుస్తున్నప్పుడు, ఆమెకి తెలిసిన సంగతిని చదివేవాళ్ళ దగ్గర రెండొందల పేజీలు దాచడం మోసం. నాకైతే ఒళ్ళు మండుతుంది. నవల మూడోవంతు అయ్యేలోపు ఏం జరిగిందో తెలిసిపోనీ. అవతలి మనిషికి అదెలా కనబడిందన్నది మాత్రం దాచు, సస్పెన్స్ అంతా అక్కడుంది. ఇంకోటి, దెబ్బతిన్న మనిషికి గతం వరసగా గుర్తురాదు. ఏదో వస్తువు తగులుతుంది, ఒక ముక్క వస్తుంది, మనిషి దాన్ని తోసేసి చేతిలో పని మళ్ళీ అందుకుంటుంది. ఆ తోసేయడం రాయి చాలు.

వాళ్ళు మళ్ళీ ఎదురుపడటానికి పెద్ద కారణాలు వెతక్కు. ఇల్లు ఇద్దరి పేర్లమీదా ఉంది, అమ్మాలంటే ఇద్దరూ వచ్చి సంతకం పెట్టాలి, సరిపోతుంది. ఆ సీనులో నువ్వు పెట్టిన ఉరుములూ మెరుపులూ మాత్రం తీసెయ్. అలాంటప్పుడు మనుషులు అతి మర్యాదగా తయారవుతారు. ఒకప్పుడు ఒకరినొకరు 'నువ్వు' అని పిలుచుకున్నవాళ్ళు 'మీరెప్పుడొచ్చారు' అని పలకరించుకుంటారు. ఎన్నో పేజీల తర్వాత ఏదో కోపంలో ఆమె నోట్లోంచి 'నువ్వెప్పుడూ ఇంతే' అని జారుతుంది, ఇద్దరూ విననట్టే ఉండిపోతారు.

ఇప్పుడు కష్టమైన భాగం, క్షమాపణ. నువ్వు రాసిన సీనులో అతను ఎదురుగా కూర్చుని ఒకటిన్నర పేజీ మాట్లాడేశాడు, ఆమె కరిగిపోయింది. నేను కరగలేదు. క్షమించమని అడగడానికే వచ్చిన మనిషి మాటల్లో ఎంతోకొంత బేరం ఉంటుంది, అది చదివేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. భవభూతి సంస్కృత నాటకం ఉత్తరరామచరితంలో మూడో అంకం గుర్తుందా? రాముడు పన్నెండేళ్ళ తర్వాత పంచవటికి వస్తాడు. సీత అక్కడే ఉంటుంది, గంగ వరం వల్ల అతనికి కనబడదు. ఆమె వింటోందని తెలియక అతను ఏడుస్తాడు, పక్కనున్న వాసంతి, సీత నేస్తమైన వనదేవత, ఊరుకోబెట్టడం మానేసి ఎందుకలా చేశావని నిలదీస్తుంది. సీతకి మనసు మెత్తబడుతుందంటే అది తన కోసం ఆడిన మాట కాదు గనక. ఇంగ్లీషు నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ సంగతీ చూడు. పర్సుయేషన్ నవలలో ఎనిమిదేళ్ళ కింద విడిపోయిన జంటని 1816లో మొదట ఒక గదిలో కూర్చోబెట్టి, నాలుగు మాటలతో కలిపేసింది. నచ్చలేదు. ఆ ముగింపు పక్కన పెట్టి మళ్ళీ రాసింది. ఈసారి ఆమె ఇంకెవరితోనో, ఆశలేకపోయినా ప్రేమించేది ఆడవాళ్ళే అని వాదిస్తుంటే, అదే గదిలో ఉత్తరం రాసుకుంటున్న అతని చెవిన పడుతుంది, అతను ఉండబట్టలేక ఆమెకో ఉత్తరం రాస్తాడు. పక్కన పెట్టిన ఆ పేజీలు ఇప్పటికీ ఉన్నాయి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఏ వర్క్‌షాపూ అక్కర్లేదు.

అలాగని చాటునుంచి వినే సీనే పెట్టమని కాదు. ఇద్దరికీ చెరో మూడో మనిషినివ్వు, నిజం చెప్పుకోవడానికి. ఆ మనిషి తలూపే స్నేహితురాలు కాకూడదు, వాసంతిలా గట్టిగా అడిగేవాళ్ళుండాలి.

క్షమించినంత మాత్రాన నమ్మకం వచ్చేయదు, నీ డ్రాఫ్ట్‌లో ఈ రెండూ ఒకే పేరాలో జరిగిపోయాయి. నమ్మకానికి అదే పరీక్ష మళ్ళీ ఎదురవ్వాలి. చివరి భాగంలో ఆమె తండ్రి పోయాడని రాశావుగా, ఆయన గది సర్దాల్సి వస్తుంది. పాత మనిషైతే ఆమె లేచేలోపు అంతా సర్దించేసి ఉండేవాడు. ఈసారి గుమ్మంలో నిలబడి 'ఇవి తియ్యనా, ఉంచనా' అని అడగనీ. ఆమె 'తెలీదు' అంటే, ఆ తెలీదుతోనే ఆ గదిలో కూర్చోనీ. 'ఐ లవ్ యూ' అప్పుడు చెప్పకపోయినా ఎవరూ అడగరు. ఇంత జరిగాక వాళ్ళని కలపకుండా వదిలేయకు. ప్రేమ నవల అని చెప్పి ఇస్తే, ఆశ మిగిలే ముగింపు ఇస్తానని మాటిచ్చినట్టే. విషాదం రాయాలనుంటే రాయి, కానీ ముందే ఆ రంగు తెలియనీ.

ఒకచోట మాత్రం నేను గట్టిగా ఉంటాను. ఐదో అధ్యాయంలో అతను ఆమె చెయ్యి మెలితిప్పాడని రాశావు, ప్రేమెక్కువై అన్నట్టు. కొట్టే మనిషికి రెండో అవకాశం ఇప్పించే కథ నా చేత దిద్దించకు. ఆ రెండు లైన్లు తీసేస్తే కథకి నష్టమేం లేదు కూడా.

ఈ కథలో నీ సొంత అనుభవం ఎంతుందో నేనడగను. ఉంటే మాత్రం ఒక సంగతి. 1986లో పెన్నెబేకర్, బీల్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో కాలేజీ విద్యార్థుల చేత వరసగా 4 రోజులు, రోజుకి 15 నిమిషాలు తమ చేదు అనుభవాల గురించి రాయించారు. రాసిన వెంటనే వాళ్ళ మనసు ఇంకా బరువెక్కింది, ఆ తర్వాతి నెలల్లో మాత్రం వాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గింది. తర్వాత ఇతరులు చేసిన పరిశోధనల్లో ఫలితం అన్నిసార్లూ అంత బాగా రాలేదనుకో. నేను చెప్పొచ్చేదేంటంటే, ఉయ్యాల సీను రాసిన రోజు నీకు తిక్కగా, దిగులుగా ఉంటే కథ చెడిందని అనుకోకు, ఆ రోజుకి అక్కడ ఆపెయ్. నిద్ర కూడా పట్టకపోతే రాయడం మానేసి ఎవరితోనైనా మాట్లాడు, ఎప్పుడైనా సరే నాకు ఫోన్ చెయ్.

ముందు ఆ నోట్‌బుక్ పేజీలు పంపు, మిగతా అధ్యాయాలు తర్వాత చూద్దాం. అత్తగారి మీద నీకంత మమకారం ఉంటే ఆవిడని పూర్తిగా తీసేయక్కర్లేదు. ఉయ్యాల రెండో వైపు పట్టుకుని మెట్లు దిగింది ఆవిడే అని పెట్టి చూడు. అతను నిజం చెప్పుకోవాల్సిన ఆ మూడో మనిషి ఆవిడే కావచ్చు.

నీ పెద్దమ్మ