టైటిల్ ఇస్తే మనిషి ఆగుతాడా? మా పేరోల్ తమ్ముడి సంగతి చెప్తా

"మా హెచ్‌ఆర్ టీమ్‌లో బాగా చేసేవాళ్ళే వెళ్ళిపోతున్నారు, హైక్ ఇవ్వడానికి బడ్జెట్ లేదు, కనీసం పెద్ద టైటిల్ ఇస్తే ఆగుతారా?" అని అడిగారు. ఆగరండి. లింక్డిన్‌లో పెట్టుకుని అందరి కంగ్రాట్స్ అయిపోయేదాకా ఆగుతారేమో. మాదాపూర్, గచ్చిబౌలి, ఇప్పుడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, పదమూడేళ్ళుగా ఈ హెచ్‌ఆర్‌లోనే ఉన్నా కాబట్టి గట్టిగానే చెప్తున్నా.

ఇంతకుముందు చేసిన కంపెనీలో, పేరు అనవసరం, పేరోల్ చూసే తమ్ముడు ఒకడుండేవాడు, సిద్దిపేట దగ్గర ఊరు. 1,100 మంది జీతాలు ఒక్కడే. నెలాఖరుకి జీతాలు, 7వ తారీఖులోపు టీడీఎస్ అంటే జీతాల్లోంచి కోసిన ఇన్‌కమ్ టాక్స్, 15లోపు పీఎఫ్, ఈఎస్ఐ కట్టడం, మధ్యలో ఎవడో ఒకడొచ్చి "బ్రో, నాకు 200 ఎందుకు కట్ అయింది" అంటాడు, అది ప్రొఫెషనల్ టాక్స్ రా నాయనా అని ప్రతి నెలా ఎవడో ఒకడికి చెప్పాల్సిందే. ఆరేళ్ళలో ఒక్క నెల కూడా జీతం లేట్ కాలేదు. టైమ్‌కి పడ్డ జీతం గురించి ఎవరూ మాట్లాడరు కదా, అందుకే వాడి గురించి కూడా ఎవరూ మాట్లాడలేదు. రెండేళ్ళుగా ఒకటే అడిగేవాడు, చేతికింద ఇంకొకర్ని ఇవ్వమని, నెలాఖరున ఎప్పుడైనా ఊరికి పోవాలంటే కుదరట్లేదని. ఇవ్వలేదు. ఒకరోజు రిజైన్ చేశాడు.

అప్పుడు లీడర్‌షిప్‌కి హడావుడి మొదలైంది. మీటింగ్ మీద మీటింగ్. చివరికి తేల్చింది ఏంటంటే వాడిని "లీడ్ – పీపుల్ ఎక్స్‌పీరియన్స్" చేయడం. జీతం అంతే, పని అంతే, మనిషీ అంతే ఒక్కడే. శుక్రవారం సాయంత్రం కేక్ కోశారు, ఫొటో దిగారు, మా హెడ్ "మనమంతా ఒక ఫ్యామిలీ" అని స్పీచ్ ఇచ్చాడు. ఆఫీసులో ఫ్యామిలీ అనే మాట వినపడితే నాకు మొదట్నించీ డౌటే, ఏ ఇంట్లో 90 రోజుల నోటీస్ పీరియడ్ ఉంటుందండీ? సరే, రిజిగ్నేషన్ వెనక్కి తీసుకోమని వాడికి నచ్చజెప్పింది మాత్రం నేనే, అది ఒప్పుకోవాలి.

నెల తిరక్కముందే ఇరానీ చాయ్ తాగుతూ అన్నాడు, "అన్నా, సంబంధాలు చూస్తుండ్రు. పేరోల్ అంటే జీతాలు ఏస్తడని అందరికీ సమజ్ అయితుండె. ఇప్పుడు పీపుల్ ఎక్స్‌పీరియన్స్ అంటే మా బాపు, ఈవెంట్లు చేస్తున్నవా బిడ్డా అంటుండు." నవ్వుకున్నాం గానీ ఇంకో దెబ్బ కూడా ఉంది. రిక్రూటర్లు పేరోల్ అని కొట్టి వెతుకుతారు, టైటిల్ మార్చుకున్నాక వీడికి కాల్స్ తగ్గిపోయాయి. గూగుల్ వాళ్ళు హెచ్‌ఆర్‌ని పీపుల్ ఆపరేషన్స్ అన్నారు, ఇంక చూస్కోండి, మన దగ్గర పాతిక మంది లేని స్టార్టప్‌లో కూడా చీఫ్ పీపుల్ ఆఫీసర్ తయారు, ఆవిడే ఆఫర్ లెటర్లు ప్రింట్ తీస్తుంది, ఆవిడే వాటర్ క్యాన్‌కి ఫోన్ చేస్తుంది.

అసలు విషయం ఒక రాత్రి బయటపడింది. మా సపోర్ట్ టీమ్‌లో ఒకమ్మాయి వాళ్ళ నాన్నని హాస్పిటల్లో చేర్చారు, 40 వేలు శాలరీ అడ్వాన్స్ కావాలని రాత్రి తొమ్మిదింటికి వీడికే ఫోన్ చేసింది, లీడ్ కదా మరి. వీడు సిస్టమ్‌లో పెట్టాడు. హెడ్ అప్రూవల్ కావాలి, హెడ్ ఫ్లైట్‌లో. ఆ తర్వాత ఫైనాన్స్ అప్రూవల్, వాళ్ళు మర్నాడు పదకొండు దాకా సీట్లోకి రారు. డబ్బు మధ్యాహ్నం మూడింటికి పడింది. రాత్రి వీడు తన జేబులోంచి 15 వేలు ఫోన్‌పే చేశాడని తర్వాత తెలిసింది. ఆ వారంలోనే మళ్ళీ రిజైన్ చేశాడు. నేను మాట్లాడబోతే ఒకటే అన్నాడు, "40 వేల మీద సంతకం లేని లీడ్ ఏందన్నా?"

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో టైమ్ ఆఫీస్ క్లర్కు, అంటే కార్మికుల హాజరు చూసే గుమాస్తా. 500 మంది, అంతకంటే ఎక్కువ కార్మికులుంటే వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఉండేది కాబట్టి కోటేసుకుని ఒకాయన ఉండేవాడు, కానీ కార్మికులు వచ్చేది నాన్న కిటికీ దగ్గరికే. భార్యకి నొప్పులొచ్చాయంటే గేట్ పాస్ మీద నాన్న సంతకం పెట్టేవాడు, వాచ్‌మన్ గేటు తీసేవాడు, అంతే. ఎవర్నీ అడిగే పని లేదు. రిటైరయ్యేదాకా క్లర్కే. పారిశ్రామిక వివాదాల కేసుల్లో కోర్టులు కూడా మేనేజర్ అని రాసుంటే మేనేజర్ అనుకోలేదు, రోజూ చేసే పని ఏంటని చూశాయి. మన లీడర్లకే అర్థం కాదు.

నోటీస్ పీరియడ్ ఆఖరి వారంలో 30 శాతం హైక్ ఇస్తామన్నారు. బడ్జెట్ లేదన్నవాళ్ళే! "గీ పైసలు మొన్నటిదాంక యాడున్నయ్ సార్" అని నవ్వేసి బయటికొచ్చాడు. ఆరేళ్ళు కాబట్టి గ్రాట్యుటీ ఉంటుంది, ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన. ఆ లెక్క వేయడం ఇంకెవరికీ రాకపోవడంతో తన ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ తనే లెక్కేసి, తనే మెయిల్ పెట్టి పోయాడు. వాడి ప్లేస్‌లో ఇద్దర్ని తీసుకున్నారు, ఒక్కొక్కరికీ వాడికంటే ఎక్కువ జీతం, మొదటి నెలే జీతాలు రెండు రోజులు లేట్.

కాబట్టి మీకు నిజంగా బడ్జెట్ లేకపోతే ఆ మనిషిని కూర్చోబెట్టి ఏ పనికి నీకు పర్మిషన్ అడగాల్సి వస్తోంది అని అడగండి, అందులో రెండు తీసేయండి. దానికి పైసా ఖర్చు లేదు. బడ్జెట్ లేదన్న మాట నేను నమ్మను, అది వేరే సంగతి.

తమ్ముడు ఇప్పుడు కొత్త కంపెనీలో "సీనియర్ ఎగ్జిక్యూటివ్ – పేరోల్", చూడ్డానికి ఒక మెట్టు దిగినట్టే. సంబంధం కుదిరింది, పెళ్ళికి పిలిచాడు. నా టైటిల్ అడుగుతారేమో, "సీనియర్ మేనేజర్ – టాలెంట్ ఎంగేజ్‌మెంట్". మొన్న టీమ్ లంచ్ బిల్లు 2,300 రూపాయలకి పెట్టిన మెయిల్ ఇంకా అప్రూవ్ కాలేదు.