డ్రమ్ము సంగతి తర్వాత, ముందు మూత ముట్టుకోవడం మానండి

ప్రశ్న: ఇంట్లో ఇనప డ్రమ్ముతో స్మోకర్ చేసుకుని మాంసం పొగలో వండుకోవచ్చా? ఏ కట్టె వాడాలి?

వండుకోవచ్చు. మాది విజయవాడ, పటమట. మూడేళ్లుగా మేడ మీద డ్రమ్ము పెట్టుకుని వండుతున్నా. ఇంట్లోవాళ్లు ఇంకా డ్రమ్మును పాత ఇనప సామాన్లవాడికి వేసెయ్యలేదు.

డ్రమ్ము ఆటోనగర్‌లో దొరికింది, 200 లీటర్లది, అంతకుముందు వంటనూనె పోసినది. రసాయనాలు పోసినది సగం ధరకిస్తామన్నా తీసుకోకండి. లోపల కట్టెల మంట వేసి పాత పూత అంతా కాల్చెయ్యాలి. అడుగున ముప్పావు అంగుళం కన్నాలు మూడు, బొగ్గులకి ఒక బుట్ట, దానికి రెండడుగుల పైన మాంసం పెట్టే జాలీ. మూతకి కూడా కన్నాలుండాలి, పొగ ఎటో ఒకవైపు పోవాలి కదా. వెల్డింగ్ కుర్రాడు "జింకు పూత జాలీ వేసుకోండి సార్, తుప్పు పట్టదు" అన్నాడు. వద్దన్నాను. బాగా కాలితే ఆ జింకు పొగవుతుంది, పీలిస్తే జ్వరమొస్తుంది. స్టీలు జాలీ వేయించా. డ్రమ్ము కింద ఇటుకలు పెట్టడం మర్చిపోకండి, శ్లాబు పెచ్చులూడుతుంది. మాది ఊడింది.

మొదటిసారి మా అక్కా బావగారూ వచ్చిన ఆదివారం వెలిగించా. రెండు కేజీల పొట్టేలు జబ్బ. ఇక్కడో మాట చెప్పాలి. మన మటన్ కొట్టువాళ్లకి "ముక్కలు కొట్టకు" అంటే అర్థం కాదు. నోరు తెరిచేలోపు కత్తి పడిపోతుంది. నేను మూడు కొట్లు తిరిగితే నాలుగో కొట్టులో దొరికింది నిండు జబ్బ. వీడియోలో అమెరికా ఆయన "225 దగ్గర పెట్టి వదిలెయ్యండి" అన్నాడు. పెట్టా, వదిలేశా. ఆయనది ఫారెన్‌హీట్, నా థర్మామీటరు సెల్సియస్. ఆయన 225 అంటే మన 107! గంటన్నరకి మూత తీస్తే పైన బొగ్గు, లోపల ఎముక దగ్గర నెత్తురు. బావగారు మర్యాదస్తులు, "పొగ బాగానే పట్టిందోయ్" అన్నారు. అక్క మాత్రం వంటింట్లోకి వెళ్లి "పప్పేమన్నా ఉందా" అని మా ఆవిణ్ణి అడిగింది.

రెండోసారి వేడి సరిగ్గా పెట్టా గానీ, టెన్షన్ కొద్దీ పది నిమిషాలకోసారి మూత తీసి చూడ్డం మొదలుపెట్టా. తీసినప్పుడల్లా గాలి లోపలికెళ్లి బొగ్గులు భగ్గుమనేవి. ముల్లు 110 నుంచి 160కి ఎగిరేది. మా అమ్మ పిట్టగోడ నీడలో కుర్చీ వేసుకుని చాలాసేపు చూసి, "పాలకుండ దాలిలో పెట్టి మేం పొలానికెళ్లిపోయేవాళ్లంరా" అంది.

అంతే, నాకు విద్య దొరికింది. దాలిగుంట చూడనివాళ్ల కోసం చెబుతున్నా. గుంటలో పిడకలు రాజేసి, మంట లేకుండా కునుకుతూ ఉండగా పాలకుండ పెట్టి, మూత వేసి వదిలేస్తారు. సాయంత్రానికి ఎర్రగా, మందంగా మీగడ కడుతుంది. ఆ పాలు తోడేస్తే పెరుగుకి కూడా సన్నటి పొగవాసన. స్మోకింగ్ అమెరికావాళ్ల విద్య అని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. వాళ్లు మాంసం పెట్టారు, మనం పాలు పెట్టాం. నిప్పుని ఆకలితో ఉంచడం, అంటే గాలి తక్కువ అందనివ్వడం, రెండుచోట్లా ఒకటే.

అప్పట్నుంచీ కింద ఒక్క కన్నం సగం తెరిచి, వేడి 110, 120 మధ్యకి రాగానే కిందికి దిగిపోతా. మాంసంలో గుచ్చే థర్మామీటరు వేరే ఉండాలి, దాని వైరు బయటికి తీసుకుంటే మూత ముట్టుకునే పని లేదు. మాంసం లోపలి వేడి 68 దగ్గరకొచ్చి గంటసేపు కదలకపోవచ్చు, కంగారుపడి బొగ్గులు ఎగదొయ్యకండి. మట్టికుండలో నీళ్లు చల్లబడేది ఎలాగో ఇదీ అంతే. మాంసం పైనున్న తడి ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది. తడి తగ్గాక ముల్లు దానంతటదే కదులుతుంది. 92 దాటాక ఎముక పట్టుకు లాగితే చేతిలోకి వచ్చేస్తుంది. జబ్బకి ఆరు గంటలు పట్టింది. బస్తా బొగ్గుల్లో పొడి కూడా ఉంటుంది, తూకంలో కలిపి అమ్ముతారు, జల్లించుకుని వాడండి.

కట్టె అడిగారు కదా. మామిడి. నూజివీడు వైపు తోటల్లో ముసలి చెట్లు కొట్టేస్తూనే ఉంటారు. జామ కూడా బాగుంటుంది. బొగ్గుల మీదకి ఎండిన ముక్కలు, పిడికిలంతవి మూడు చాలు. వేప వద్దు, రంగు వేసిన పాత తలుపు చెక్కలు అసలే వద్దు. తెల్లటి పొగ దట్టంగా వస్తున్నంతసేపూ మాంసం పెడితే చేదెక్కుతుంది. పొగ పల్చబడి నీలంగా మారేదాకా ఆగండి. వెలిగించేముందు కింద వాటా పిన్నిగారు మేడ మీద వడియాలు పెట్టారేమో కూడా ఒకసారి చూసుకోండి. నేను చూసుకోలేదు.