మా శ్రీకాకుళం పిన్ కోడ్ ప్రధాన సంఖ్య, మీ విజయనగరానిది కాదు

మీ అబ్బాయి పదో తరగతి ప్రాజెక్టుకి ఒక ఆరంకెల సంఖ్య తీసుకుని దాని లక్షణాలు రాయాలన్నారు. మీ విజయనగరం పిన్ కోడ్ 535002 పనికొస్తుందా, ప్రధాన సంఖ్యో (అంటే 1తోనూ తనతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా పోనిదో) కాదో చేత్తో ఎలా తేల్చాలి అని అడిగారు. బ్రహ్మాండంగా పనికొస్తుందండీ. నేను శ్రీకాకుళంలో లెక్కల ట్యూషన్ చెబుతాను. రెండేళ్ల కిందట మా పిల్లలతో 532001 మీద ఇదే చేయించాను.

పద్ధతి తేలికే, ఓపిక కావాలి. 729 వర్గం 531441, 730 వర్గం 532900. మా సంఖ్య ఈ రెండింటి మధ్య ఉంది. దాన్ని రెండు సంఖ్యల లబ్ధంగా రాయగలిగితే వాటిలో చిన్నది 729 దాటదు కాబట్టి 729 లోపు ప్రధాన సంఖ్యలతో భాగిస్తే చాలు. అవి 129. 2, 3, 5తో పోదని చూడగానే తెలుస్తుంది. మిగతా 126ను ఏడుగురికి తలా 18 పంచాను.

ఒకబ్బాయి వెంటనే "7తో పోయింది సార్" అన్నాడు. పోయేది 532000. మాకు 1 మిగులుతుంది. 461తో చేసిన అమ్మాయికీ, పక్కనే కూర్చుని 577తో చేసిన అబ్బాయికీ శేషం 7 వచ్చింది. చూసి రాశారనుకుని ఇద్దరితో మళ్లీ చేయించాను. ఇద్దరిదీ కరెక్టే! 531994 అంటే 2 × 461 × 577. అనుమానించినందుకు ఇద్దరికీ సారీ చెప్పాను.

చివరికి ఏదీ పోలేదు. 532001 ప్రధాన సంఖ్య.

అసలు అందం ఆ తర్వాత కనిపించింది. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయొచ్చు. ఈ మాట ఫెర్మా 1640లో చెప్పాడు, తర్వాతి శతాబ్దంలో ఆయిలర్ నిరూపించాడు. ఆ రెండు వర్గాల కోసం రాత్రి కూర్చుని వెతికితే దొరికింది:

532001 = 625² + 376²

625 వర్గం 390625. 376 వర్గం 141376. వర్గం చేసినా చివర మళ్లీ తామే వచ్చే మూడంకెల సంఖ్యలు ఈ రెండే! రెండూ కూడితే 1001, అందుకే మా పిన్ కోడ్ చివర 001 ఉంది. ఇన్నేళ్లుగా కవర్ల మీద రాస్తున్న అంకెల్లో ఇది ఉందని తెలిసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దీన్నుంచే ఒక లంబకోణ త్రిభుజం కూడా వస్తుంది: భుజాలు 249249, 470000, కర్ణం 532001. పైథాగరస్ సిద్ధాంతం తెలుసు కనుక పిల్లలు దీన్ని వాళ్లే సరిచూసుకున్నారు.

ఇక మీ 535002 సరి సంఖ్య, అంకెల మొత్తం 15, కాబట్టి 2తోనూ 3తోనూ పోతుంది. తర్వాత 13తో కూడా. మొత్తం 32 కారణాంకాలు. 535002ను వదిలి మిగతా 31 కూడితే 681318 వస్తుంది, అసలు సంఖ్యను మించిపోయింది. పరిపూర్ణ సంఖ్యకైతే ఈ రెండూ సమానం కావాలి, 6కి 1 + 2 + 3 లాగా. ఈ తేడా కూడా ప్రాజెక్టులో రాయించండి.

2, 3, 13 తీసేశాక 6859 మిగులుతుంది. అక్కడ మీరేమీ చెప్పకండి. అది 19 × 19 × 19 అని మీ అబ్బాయే కనుక్కోవాలి.